ప్రైమర్ మీద గట్టు – ఒక డీబగ్గింగ్ కథ

వరంగల్‌లో పెరిగినవాళ్ళకి తుపాకుల పేర్లు కొత్తేం కాదు. పోలీస్ స్టేషన్ గేటు దగ్గర సెంట్రీ భుజానికి వేలాడే త్రీనాట్‌త్రీని చూసి ఎరుగుదుం. సాయుధ పోరాటం రోజుల గురించి చెప్పే ముసలోళ్ళ నోట భర్మారు పేరు వినే ఉంటాం. భర్మారంటే గొట్టం మూతిలోంచి మందు కూరి, గుండు వేసి, వెనక టోపీ పెట్టి కాల్చేది. ఒక్కసారి పేలాక మళ్ళీ మొదటినుంచీ అంతా కూర్చుకోవాలి. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నవాళ్ళయితే బోల్టు వెనక్కి లాగి .22 రైఫిల్‌తో పడుకుని నాలుగైదు రౌండ్లు కాల్చి, టార్గెట్ కాగితంలో పక్కవాడి బొక్కల్ని కూడా తమవేనని చెప్పుకునే ఉంటారు :)

నేనూ ఆ బాపతే. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. మాస్టర్స్ కోసం టెక్సాస్ వెళ్ళి, అక్కడే కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఇప్పుడు హన్మకొండలో ఇంట్లో కూర్చుని పనిచేస్తున్నాను. నేను చదివిన మెకానికల్ ఉద్యోగంలో ఒక్కరోజు కూడా పనికిరాలేదు. పనికొచ్చిన ఒకే ఒక్క సందర్భం ఇదిగో, ఈ గొడవ.

డల్లస్ దగ్గర ఉండగా నాకో సీనియర్ ఉండేవాడు. నర్సంపేట వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. అక్కడి మనవాళ్ళు శనాదివారాలు క్రికెట్టూ పాట్‌లక్కూ అంటుంటే, ఈయన గరాజ్‌లో బెంచీ వేసుకుని తూటాలు తయారుచేసుకుంటాడు. దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. కాల్చిన ఇత్తడి కేసుని పారెయ్యకుండా, పాత ప్రైమర్ తీసి, కేసుని మళ్ళీ సైజుకి తెచ్చి, కొత్త ప్రైమర్ ఎక్కించి, మందు తూచి పోసి, కొత్త బుల్లెట్ బిగించడం అన్నమాట. కాస్త డబ్బు మిగులుతుంది గానీ అసలు కారణం అది కాదు. తన రైఫిల్‌కి సరిగ్గా సరిపోయే తూటా కావాలన్న పిచ్చి. మన భర్మారు తాతలు గొట్టంలో చేసిన పనినే ఈయన గరాజ్‌లో మిల్లీగ్రాముల లెక్కన చేస్తాడు.

ముందే ఒక మాట. మన దేశంలో తగిన లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. త్రీనాట్‌త్రీలాంటి మిలిటరీ సైజులు ఇక్కడ మామూలు లైసెన్సుదారుకి దొరకవు కాబట్టే, ఇషాపూర్ ఫ్యాక్టరీ సివిలియన్ల కోసం .315 బోల్టు రైఫిల్ చేసింది. ఎయిర్ రైఫిల్‌తో 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాదీ గగన్ నారంగ్‌కి ఈ ప్రైమర్ల బాధే లేదు, ఎయిర్ రైఫిల్లో మందే ఉండదు కదా. మన ఎన్‌సీసీ .22లో కూడా విడిగా ప్రైమర్ ఉండదు. పేలే పదార్థం కేసు అంచులోనే ఉంటుంది, పిన్ను ఆ అంచుని చితక్కొడుతుంది, అందుకే దాన్ని మళ్ళీ నింపుకోవడం కుదరదు. కాబట్టి ఇది పూర్తిగా అమెరికా గరాజ్ కథే.

ప్రైమర్ అంటే కేసు అడుగున మధ్యలో ఉండే చిన్న లోహపు గిన్నె. పిన్ను దాన్ని కొడితే లోపలి పదార్థం అంటుకుంటుంది, అది మందుని అంటిస్తుంది. కాల్చిన కేసుని తీసి చూస్తే ప్రైమర్ మీద పిన్ను కొట్టిన గుంట కనబడుతుంది. మామూలుగా ఆ గుంట అంచులు నున్నగా ఉంటాయి. అలా కాకుండా గుంట చుట్టూ ఉంగరంలా ఓ గట్టు లేచి ఉంటే దాన్ని క్రేటరింగ్ అంటారు. చంద్రుడి మీద బిలాల ఫోటోలు చూశారుగా, అచ్చం అలాగే.

అన్న ఓరోజు పొద్దున్నే (మనకు పొద్దున, వాళ్ళకు ముందురోజు సాయంత్రం) ఐదు కేసుల ఫోటో పంపాడు. అన్నిటికీ గట్టే. .223 బోల్టు రైఫిల్, పాతది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు.

"తమ్మీ, గిది చూడు జర. ప్రెషర్ ఎక్కువైందంటవా? కానీ నేను పోసింది మాన్యువల్ల గరిష్ఠానికి బాగా కిందనే."

ఇక్కడ ఎవర్నడిగినా రెండే జవాబులు వస్తాయి. ఒక వర్గం, "క్రేటరింగ్ అంటే ఓవర్ ప్రెషర్, మందు తగ్గించు" అంటుంది. రెండో వర్గం, "ఆ రైఫిళ్ళన్నీ అంతే, పట్టించుకోకు" అంటుంది. మన ప్రొడక్షన్ ఇష్యూ కాల్స్‌లో కూడా ఈ రెండు వర్గాలే ఉంటాయి. ఒకడు "మెమరీ లీకే" అంటాడు, ఇంకోడు "అది నోన్ ఇష్యూ" అంటాడు. ఇద్దరిలో ఎవడూ లాగ్ తెరవడు.

నాకు తుపాకులు పెద్దగా తెలియవు గానీ షీట్‌మెటల్ తెలుసు. బీటెక్‌లో ప్రెస్‌వర్క్ పాఠం ఉంటుంది కదా, పంచ్, డై, రెండిటి మధ్య క్లియరెన్స్. ప్రైమర్ దగ్గర జరిగేదీ అదే. బోల్టు ముఖం మీద పిన్ను బయటకి రావడానికి ఒక రంధ్రం ఉంటుంది. పేలినప్పుడు ప్రైమర్ గిన్నె వెనక్కి వచ్చి ఆ ముఖానికి గట్టిగా ఒత్తుకుంటుంది. రంధ్రానికీ పిన్నుకీ మధ్య సందు ఎక్కువుంటే, ఆ సందులో గిన్నెకి వెనకాల ఆధారం లేదు. లోహం అందులోకి జారుతుంది. ఆ జారిందే గట్టు.

చిన్న లెక్క. .223కి అమెరికన్ ప్రమాణాల సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 55,000 పీఎస్‌ఐ. మనం కారు టైరుకి పెట్టేది 32. గరిష్ఠం దాకా వద్దు, 50,000 అనుకుందాం. 0.077 అంగుళాల రంధ్రం మీద ఆ ఒత్తిడి కలిగించే బలం దాదాపు 230 పౌండ్లు, అంటే నూరు కిలోల పైమాట. గడ్డపు గింజంత చోటు మీద ఓ బియ్యం బస్తా కంటే ఎక్కువ బరువు! వెనక పిన్నుని నిలబెట్టే స్ప్రింగు బలం దానిముందు ఏ మూలకి? గిన్నె మందం 0.020 అంగుళమైతే, పిన్ను ఆసరా లేదనుకుంటే, రంధ్రం అంచు దగ్గర లోహం మీద పడే షియర్ స్ట్రెస్ దాదాపు 48,000 పీఎస్‌ఐ. అదే గిన్నె 0.025 మందమైతే 38,500. మందం అలాగే 0.020 ఉంచి రంధ్రాన్ని 0.062కి తగ్గించినా దాదాపు అంతే, 38,750. నిజానికి పిన్ను కొంత ఆసరా ఇస్తుంది కాబట్టి ఈ అంకెల్ని అక్షరాలా నమ్మక్కర్లేదు. కానీ సూత్రం చూడండి, ఒత్తిడిని రంధ్రం వ్యాసంతో గుణించి, మందానికి నాలుగు రెట్లతో భాగించడం. మూడు సంఖ్యలున్నాయి. గట్టు కనబడిందంటే మూడిట్లో ఏది పెరిగినా, తరిగినా కావచ్చు. ఒక్క గట్టుని చూసి "ప్రెషర్" అని తీర్పు చెప్పేవాడు మిగతా రెండిటినీ స్థిరాంకాలు అనుకుంటున్నాడన్నమాట.

అందుకని అన్నని ఓ అరడజను ప్రశ్నలు అడిగాను. కొన్నిటికి ఆయన దగ్గర జవాబు లేదు, రేంజికి వెళ్ళి చూసొచ్చాడు.

ఫ్యాక్టరీ తూటా కాలిస్తే గట్టు వస్తుందా? వస్తుంది, కాస్త తక్కువ. మాన్యువల్లో చెప్పిన ప్రారంభ లోడ్‌తో? దానికీ వస్తుంది! ఇది చాలా పెద్ద క్లూ. ఒత్తిడే కారణమైతే అతి తక్కువ లోడ్ దగ్గర గట్టు మాయమవ్వాలి. కాల్చాక బోల్టు హ్యాండిల్ తేలిగ్గా లేస్తుందా? వేలితో లేస్తుంది. కేసు అడుగున ఎజెక్టర్ రంధ్రం ఆకారంలో మెరిసే మచ్చ ఉందా? లేదు. క్రోనోగ్రాఫ్‌లో వేగం? బ్యారెల్ పొడవుకి మాన్యువల్ చెప్పినదానికి దగ్గర్లోనే ఉంది. ఒత్తిడి అదనంగా ఉంటే ఆ శక్తి ఎక్కడో కనబడాలి, ముఖ్యంగా వేగంలో. ఉచితంగా వేగం రాదు, ఊరికే ఒత్తిడీ పోదు.

ప్రైమర్ అంచుల గుండ్రం అలాగే ఉందా, లేక పూర్తిగా చదునైపోయిందా అని కూడా అడిగాను. గుండ్రంగానే ఉంది. ఈ చదును సంగతి మాత్రం మహా మోసం, కాస్త ఆగి చెప్పాలి. చదునైన ప్రైమర్ కూడా ప్రెషర్‌కి గుర్తేనని అంటారు. కానీ సైజింగ్ చేసేటప్పుడు కేసు భుజాన్ని మరీ వెనక్కి నెట్టేస్తే, ఛాంబర్లో కేసు ముందుకీ వెనక్కీ ఆడుతుంది. పిన్ను కొట్టగానే కేసు ముందుకి జరుగుతుంది, ప్రైమర్ తన గూట్లోంచి వెనక్కి పొడుచుకొస్తుంది. తర్వాత ఒత్తిడి పెరిగి కేసు సాగి వెనక్కి వచ్చి, బయటికొచ్చిన ఆ ప్రైమర్‌ని బోల్టుకేసి మళ్ళీ గూట్లోకి చితక్కొడుతుంది. మామూలు ఒత్తిడితోనే ప్రైమర్ అప్పడంలా అవుతుంది. అంటే అక్కడ దోషం మందుది కాదు, సైజింగ్ డై సెట్టింగుది. మందు తగ్గిస్తే రోగం తగ్గదు, గుర్తు మాత్రం మారుతుంది. ఈసారి ప్రైమర్ చితక్కుండా పొడుచుకొచ్చినట్టే మిగిలిపోతుంది. ఒకే గుర్తుకి రెండు రోగాలు, ఒకే రోగానికి రెండు గుర్తులు. మన నాడి చూసే వైద్యులు నాలుకా కళ్ళూ కూడా ఎందుకు చూసేవాళ్ళో నాకు అప్పుడర్థమైంది.

సరే, ఇక కొలతలు. పిన్ను కొనని కాలిపర్‌తో కొలిచాడు, 0.070. రంధ్రంలోకి కాలిపర్ దూరదు కాబట్టి సన్నటి డ్రిల్ బిట్ల వెనకవైపు కాడల్ని ఒక్కోటీ దూర్చి చూశాడు. 0.077 దూరింది, తర్వాతది దూరలేదు. ఏడు వేలవంతుల సందు. మంచి గన్‌స్మిత్‌లు దీన్ని రెండు వేలవంతుల దగ్గరికి తెస్తారు. పైగా ఆయన వాడిన ప్రైమర్ పల్చటి గిన్నె రకం. చిన్న రైఫిల్ ప్రైమర్లన్నీ బయటికి ఒకేలా కనబడతాయి గానీ గిన్నె మందాలు వేరు. సీసీఐ వాళ్ళ 400 దాదాపు 0.020, 450 దాదాపు 0.025. రెమింగ్టన్ తన 6½ ప్రైమర్‌ని .223లో వాడొద్దని తానే చెప్తుంది, అది హార్నెట్‌లాంటి తక్కువ ఒత్తిడి తూటాల కోసం చేసింది. ప్రైమర్ రకం మారిస్తే మందుని మళ్ళీ ప్రారంభ లోడ్ నుంచి పెంచుకుంటూ రావాలి, పాత అంకెతోనే కాల్చకూడదు. అన్న అలాగే చేశాడు. మందపు గిన్నెతో గట్టు సగానికి తగ్గింది.

ఇక్కడితో అయిపోతే ఇంత రాయక్కర్లేదు. గొడవ ఇక్కడే మొదలైంది.

"అంటే ప్రెషర్ కాదు గదా, రంధ్రమే గదా. ఇగ ఫికర్ లేదు" అన్నాడు అన్న. పాత ప్రైమర్లు ఇంకో రెండు డబ్బాలున్నాయట, అవి అయ్యేదాకా వాడేస్తానన్నాడు. కారణం తెలిస్తే చాలు, బాగుచెయ్యక్కర్లేదు అనే ఈ లాజిక్కు మన ఫీల్డులో బాగా చెల్లుతుంది. టికెట్‌కి "రూట్ కాజ్ ఐడెంటిఫైడ్" అని రాసి మూసేస్తాం.

నా వాదన ఏమిటంటే, ఎప్పుడూ గట్టు వచ్చే రైఫిల్లో గట్టు ఇంక ఏమీ చెప్పదు. నిజంగా ఒత్తిడి పెరిగిన రోజు కూడా అది అలాగే ఉంటుంది. రోజూ మోగే అలారంని మ్యూట్ చేసినట్టు. కొలంబియా సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2003 జనవరి 16న పైకి వెళ్తున్నప్పుడు ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఊడి రెక్కకి తగిలింది. అంతకుముందు ప్రయాణాల్లోనూ ఫోమ్ ఊడుతూనే ఉండేది, ప్రతిసారీ క్షేమంగా దిగారు. కాబట్టి అది మరమ్మతు ఖాతాలోకి పోయింది, ప్రమాదం ఖాతాలోంచి జారిపోయింది. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు తిరిగి రాలేదు. గరాజ్‌లో తూటాలకి అంత పెద్ద పోలిక తేవాలా అంటే, తెచ్చాను. అన్నకి కోపమొచ్చింది.

రెండోది, పల్చటి గిన్నె వెనక పెద్ద రంధ్రం ఉంటే ఓ రోజు గట్టుతో ఆగదు. గిన్నెలోంచి చిన్న బిళ్ళ తెగి రంధ్రంలోకి పోతుంది. ప్రెస్ షాపులో దీన్నే బ్లాంకింగ్ అంటాం. అప్పుడు ఆ వేడి గ్యాసు పిన్ను పక్కనుంచి బోల్టులోకి, షూటర్ ముఖం వైపు వస్తుంది. గ్యాసు పక్కకి పోయేందుకు బోల్టులో రంధ్రాలు పెడతారు, కళ్ళద్దాలు లేకుండా ఏ రేంజిలోనూ కాల్చనివ్వరు. అయినా ఆ భరోసా మీద పందెం కాయడం వేరు.

ఆ వారం వదిన ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయికి పదమూడేళ్ళు, ఆ ఎండాకాలం నుంచే తండ్రితో రేంజికి పోవడం మొదలుపెట్టాడు.

"తమ్ముడూ, నాకు మీ రంధ్రాలూ సందులూ తెల్వయ్. ఒక్కటే అడుగుతున్న. పిల్లగాని మొకానికి ఏమన్న అయితదా, కాదా?"

ఇంజనీర్లం కదా, "ప్రాబబిలిటీ తక్కువ, కానీ" అని మొదలుపెట్టడం అలవాటు. ఆవిడ అడిగినదానికి ఆ జవాబు సరిపోదు. "అయ్యే అవకాశముంది వదినా. ఆ బోల్టు బాగుచేయించేదాకా బాబుని ఆ రైఫిల్ ముట్టనివ్వకండి" అన్నాను. అన్న పదిరోజులు నాతో మాట్లాడలేదు. భార్యాభర్తల మధ్యకి వెళ్ళకూడదని మా అమ్మ కూడా నన్నే కసిరింది. నాకేం బాధ లేదు, మళ్ళీ అడిగినా అదే చెప్తాను.

ఆగస్టులో ఆయనే మెసేజ్ పెట్టాడు. టెక్సాస్ ఆగస్టు అంటే మన రామగుండం మే నెలతో పోటీపడుతుంది. తూటాల డబ్బా రెండు మూడు గంటలు కార్లో ఉండిపోయింది. కొన్ని రకాల మందులు వేడెక్కితే వేగంగా మండుతాయి, ఒత్తిడి పెరుగుతుంది. రేంజిలో ఆరేడు రౌండ్లయ్యాక బోల్టు హ్యాండిల్ అరచేత్తో కొడితే గానీ లేవలేదట. కేసు అడుగున అంతకుముందు లేని మెరుపు మచ్చ. క్రోనోగ్రాఫ్‌లో వేగం మామూలుకంటే బాగా పైన. ప్రైమర్ మీద గట్టు? "ఎప్పటిలెక్కనే ఉంది తమ్మీ. అసలేం తేడా లేదు" అన్నాడు. కాసేపాగి ఇంకో మెసేజ్. "బోల్టు రేపు పంపుతున్న."

ఆరోజు మాత్రం వెంటనే ఆపేశాడు, అది ఆయన గొప్పే. మిగిలిన తూటాలన్నిటినీ పుల్లర్‌తో విప్పి మందు తీసేశాడు. బోల్టు గన్‌స్మిత్ దగ్గరికి పోయింది. ఆ పాత రంధ్రాన్ని పెద్దది చేసి, అందులో గట్టి ఉక్కు బుష్ బిగించి, కొత్తగా చిన్న రంధ్రం వేస్తారు, పిన్ను కొనని దానికి సరిపడా సన్నగా తిప్పుతారు. మన ఊళ్ళో సైలిండర్‌కి స్లీవ్ వేయించడంలాంటి పనే. కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో అబ్బాయి తండ్రితో కలిసి ఎయిర్ రైఫిల్ పట్టాడు, వదిన నాకు ఓ ఆదివారం బిర్యానీ ఫోటో పంపింది. తినడానికి కాదు, చూడ్డానికి :)

తిరిగొచ్చాక ప్రారంభ లోడ్ నుంచి మళ్ళీ పెంచుకుంటూ వచ్చాడు. గుంట అంచులు నున్నగా ఉన్నాయి. ఇప్పుడు గట్టు కనబడితే దానికో అర్థముంటుంది. అయినా ప్రైమర్ ప్రెషర్ గేజ్ కాదని ఇద్దరం ఒప్పుకున్నాం. అది గుర్తు చూపించే సరికే ఒత్తిడి గీత దాటి ఉండొచ్చు. అందుకే ఇప్పుడు ప్రతి పది రౌండ్లకీ వేగం, ఎండ ఎంతుంది, బోల్టు ఎలా లేచింది, అన్నీ ఒక ఎక్సెల్ షీట్లో రాస్తున్నాడు. షీట్ కాలమ్స్ నేను చేసిచ్చినవే. సాఫ్ట్‌వేర్ వాడి సాయం ఎప్పుడూ ఎక్సెల్ దగ్గరే తేలుతుంది కదా.

ఇక మిగిలింది ఆగస్టు రోజున కాల్చిన కేసుల సంగతి. చూడ్డానికి బాగానే ఉన్నాయి, ఇత్తడి ధర చూస్తే పారెయ్యబుద్ధి కాదు. కొత్త ప్రైమర్ ఎక్కించి చూడమన్నాను. కేసు అడుగు ఒత్తిడికి సాగి ఉంటే ప్రైమర్ గూడు వదులవుతుంది, ప్రైమర్ వేలితో తోసినా లోపలికి పోతుంది. ఆరిట్లో నాలుగు వదులుగా ఉన్నాయి. మిగతా రెండూ బిగువుగానే ఉన్నాయి గానీ, వాటితో కలిపి ఆరిటినీ ప్లయర్‌తో నొక్కి తుక్కు డబ్బాలో వేశాడు.